కారణం: బి షిఫ్టు

"ఇంతకు ముందెప్పుడైనా కామెర్లు వచ్చాయా సార్?"

మా ఆఫీసులో నలభై దాటిన ప్రతివాడికీ ఏటా ఒకసారి వైద్య పరీక్ష చేయిస్తారు. మొన్న పరగడుపున వెళ్లి నిలబడితే బల్ల దగ్గరున్న అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న ఇది. నా పొట్టలో అప్పటికి పన్నెండు గంటలుగా కర్ఫ్యూ నడుస్తోంది. ఆ నీరసంలో అలవాటు కొద్దీ నోరు జారాను.

"మూడుసార్లమ్మా."

ఆ అమ్మాయి పెన్ను గాల్లో ఆగిపోయింది. లివరు మూడుసార్లు దివాలా తీశాక కూడా తొంభై కేజీలతో ఎదురుగా నిలబడ్డ మనిషి గురించి ఆ పిల్ల చదివిన పుస్తకాల్లో రాసి ఉండదు.

"ఏయే సంవత్సరాల్లో సార్?"

"బీకాం ఫస్టియర్, సెకండియర్, ఫైనలియర్."

ఆకలికి మతి చలించిందనుకుందో ఏమో, మూడూ రాసుకుని, ఫారం నా వైపు తిప్పి అడుగున ఉన్న గడి చూపించింది. "ఇది మీరే నింపాలి సార్."

గత రెండేళ్లు పరీక్షకు హాజరు కాకపోవడానికి కారణం.

హాజరు. కారణం. ఈ రెండు మాటలూ ఒకే గడిలో చూసి నాకు పెన్ను సాగలేదు. ఫారం పట్టుకుని వెళ్లి బెంచీ మీద కూలబడ్డాను. అలాంటి గడిలో ఏం రాయాలో తెలిసిన మనిషి నా ఎరికలో ఒక్కడే. ఆ ఒక్క గడి కోసం ఏడాది బతుకుని నిప్పుల పొయ్యి మీద పెట్టినవాడు.

ఆయన పేరు చెప్పను. చెప్పినా మా క్లాసువాళ్లు గుర్తుపట్టరు. హాజరు పట్టీలో తప్ప ఆ పేరుకి ఎక్కడా పని ఉండేది కాదు. అందరికీ ఆయన బి షిఫ్టు.

తొంభైల మొదట్లో విశాఖపట్నంలో ఒక సాయంత్రం కాలేజీ ఉండేది. ఏ కాలేజీయో అడక్కండి. పొద్దున్న ఆ భవనంలో చిన్నపిల్లల బడి నడిచేది కాబట్టి మేం కూచునే బెంచీలు ఏడేళ్ల పిరుదుల కొలతకి చేసినవి. మోకాళ్లు గడ్డానికి తగిలేవి. అలా మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కాస్టు అకౌంట్సు వినేవాళ్లం. పోర్టు కళాసీలు, మల్కాపురం నుంచి వచ్చే రిఫైనరీ పనివాళ్లు, ఫిషింగ్ హార్బరు ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా ఒకడు. వాడి పక్కన ఏప్రిల్లో కూడా చల్లగా ఉంటుందని ఆ చోటు కోసం తలకాయలు పగిలేవి. కూర్మన్నపాలెం వైపు నుంచి స్టీలు ప్లాంటు వాళ్లు. చివరి బెంచీలో నేను. మా నాన్న పోర్టు ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి దిగినవాడు. నేను అదే పోర్టు గేటు ఎదురుగా ఒక క్లియరింగ్ ఏజంటు దగ్గర బిల్లులు రాసేవాణ్ణి.

యూనివర్సిటీ వారి నిబంధన ఏమిటంటే, వంద క్లాసులు జరిగితే డెబ్బై అయిదింటికి రావాలి. అరవై అయిదు కంటే దిగితే ఆ ఏడాది మళ్లీ మొదటి నుంచి చదవాలి. ఈ రెండు అంకెల మధ్య వేలాడేవాణ్ణి మాత్రం క్షమించవచ్చు. దాన్ని కండొనేషన్ అంటారు. దానికొక ఫారం, ఆ ఫారంలో ఒక కారణం.

ఇక స్టీలు ప్లాంటు వారి నిబంధన. ఎ షిఫ్టు పొద్దున్న ఆరు నుంచి రెండు. బి షిఫ్టు రెండు నుంచి పది. సి షిఫ్టు తెల్లవార్లూ. వారానికొకటి చొప్పున తిరుగుతాయి. మా క్లాసులు ఆరు నుంచి తొమ్మిది. ఎ వారం రావచ్చు, సి వారం రావచ్చు, బి వారం రావడానికి లేదు. మూడు వారాల్లో ఒకటి ఎగిరిపోతుంది. అంటే ఎంతటి బుద్ధిమంతుడికైనా అరవై ఆరు దాటదు. సాక్షాత్తూ సింహాచలం అప్పన్న కొండ దిగి వచ్చి షిఫ్టులో చేరి బీకాం చదివినా అరవై ఆరే. నిబంధన రాసినవాడికి షిఫ్టు తెలీదు, షిఫ్టు వేసినవాడికి నిబంధన తెలీదు. ఆ ఇద్దరికీ మధ్య తొమ్మిది శాతం సందు మిగిలింది. ఆ సందులో మల్కాపురం డాక్టరు ఒకాయన ప్రాక్టీసు పెట్టాడు.

ఆ డాక్టరు "ఏమిటి బాధ" అని ఎన్నడూ అడిగి ఎరగడు. "ఎన్ని రోజులు?" అనేవాడు. రోజులు చెబితే వాటికి కొలిచి జబ్బు ఇచ్చేవాడు. వారానికి జ్వరం. పది రోజులకి విరేచనాలు. మూడు వారాలకి కామెర్లు. మాకు మూడు వారాలు కావాలి. షిఫ్టు వాళ్లకి షిఫ్టు వల్ల, నాకు మ్యాట్నీల వల్ల, బీచి వల్ల, బీచిలో మిరపకాయ బజ్జీల వల్ల. ఫిబ్రవరి వచ్చేసరికి మా క్లాసు క్లాసంతా కాగితం మీద పసుపు పచ్చగా అయిపోయేది. ఒక్క గదిలో అంతమంది ఒక్కసారి మంచం పట్టారని ఏటా అర్జీలు వెళుతున్నా, ఆ భవనంలో కుళాయి నీళ్లు ఎలా ఉన్నాయో చూసి రమ్మని ఒక్క మనిషినైనా యూనివర్సిటీ వారు పంపలేదు.

ఇలాంటి పచ్చటి వాతావరణంలో కామెర్లు సోకనివాడు ఆయనొక్కడే.

మాకంటే పదేళ్లు పెద్ద. స్టీలు ప్లాంటుకి భూమి ఇచ్చిన పల్లెల్లో ఒక పల్లె ఆయనది. ఆ లెక్కన ఉద్యోగం వచ్చింది. కోకోవెన్ అని, బొగ్గుని కాల్చి కోకు చేసే పొయ్యిలుంటాయి. ఆ పొయ్యిల నెత్తి మీద ఆయన పని. అక్కడ మామూలు చెప్పులు కరిగిపోతాయని చెక్క అడుగులున్నవి వేస్తారట. ఎంత రుద్దుకున్నా ఆయన చెవి మడతల్లో సన్నటి నల్లగీత మిగిలేది. పెళ్లికూతురికి కాటుక దిద్దినట్టుండేది. డిగ్రీ చేతికొస్తే ఆ పొయ్యి దిగి స్టోర్సులో పగటి ఉద్యోగానికి వెళ్లొచ్చు. అందుకోసమే ముప్పై అయిదేళ్ల వయసులో మోకాళ్లు గడ్డానికి తగిలించుకుని కూచున్నాడు. ఏడాది పోయిందంటే ఇంకో ఏడాది ఆ నిప్పు మీద నిలబడాలి. ఇది మా అందరికీ తెలుసు.

కూచున్నాడన్నాను గాని, సి షిఫ్టు వారం కూచునేవాడు కాదు. లేచి వెళ్లి గోడకి ఆనుకుని నిలబడేవాడు.

"ఏమయ్యా, బెంచీ గుచ్చుకుందా?" అన్నాడు ఓసారి కాస్టు అకౌంట్సు లెక్చరరు.

"కూసుంటే నిద్రొత్తాది సార్. నిద్రోతే వచ్చినట్టు కాదు గదా."

గంటల తరబడి అలా నిలబడితే ఆయన తల ఆనిన చోట గోడ మీద కొబ్బరినూనె, బొగ్గు కలిసి నల్లటి మచ్చ పడింది. పొద్దున్న బడి పిల్లలు దాన్ని దయ్యమనుకుని ఆ మూలకి వెళ్లడం మానేశారు.

హాజరు పిలిస్తే అందరం "ప్రెజెంట్ సార్" అనేవాళ్లం. ఆయన మాత్రం "వచ్చినాను" అనేవాడు. ఆ మాట చెక్కపలక మీద మేకు కొట్టినట్టుండేది. నన్ను బావ అని పిలిచేవాడు. ఈ ఊళ్లో అది మామూలే. గోదావరి వాళ్లకి 'గారు' తగిలించకపోతే అన్నం అరగదు కనక నేను బావగారూ అనేవాణ్ణి.

ఫస్టియరులో ఆయన శిక్షణలో ఉండి పగటి డ్యూటీ చేశాడు కాబట్టి చిక్కు రాలేదు. సెకండియరులో షిఫ్టులు మొదలయ్యాయి. ఒక బి వారం, సోమవారం నాడు హాజరు పిలుస్తుంటే ఆయన మీద నాకు ప్రేమ పొంగింది. గొంతు బొంగురు చేసి "వచ్చినాను" అన్నాను. లెక్చరరు తలెత్తకుండా వేసేశాడు. తరవాతి వారం క్లాసుకి వచ్చిన ఆ బావగారు పట్టీ మీదికి వంగి చూసి, తిన్నగా నా బెంచీ దగ్గరికి వచ్చాడు.

"బావ, సోమారం నాను రాలేదు. వచ్చినట్టు ఏసుందేటి?"

"నేనే పలికాను బావగారూ. మీ గొంతు పెట్టి."

"నా గొంతు ఎలగుంతాది?"

పలికి చూపించాను. శ్రద్ధగా విన్నాడు.

"బాగుంది. అచ్చం నానే. మరి పాఠం గూడా నా సెవుల్తోనే ఇన్నావేటి?"

ఆ మాట అంటూనే ఆయన లెక్చరరు బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. "సోమారం నాను రాలేదు సార్. కొట్టీయండి."

లెక్చరరుకి చెమట పట్టింది. ఆయన సర్వీసులో రానిది వచ్చినట్టు వేయమని కాళ్లు పట్టుకున్నవాళ్లే గాని, వేసినది కొట్టేయమన్నవాడు లేడు. ఇదేదో పైనుంచి పన్నిన వల అనుకున్నాడు. తలుపు వెనక ఎవరైనా ఉన్నారేమోనని వంగి చూసి, కొట్టేసి, పక్కన చిన్న సంతకం కూడా పెట్టాడు.

ఫిబ్రవరి వచ్చింది. మేం వరసగా మల్కాపురం వెళ్లి పచ్చబడి వచ్చాం. ఆయన ఫారం తీసుకుని, అందులో 'అనారోగ్యం' అని అచ్చేసి ఉన్న మాటని అడ్డంగా కొట్టేసి, దాని పైన గుండ్రంగా, బడిపిల్లాడిలా రాశాడు: బి షిఫ్టు.

కాలేజీ గుమాస్తా ఫారాన్ని, చచ్చిన ఎలకని తోకపట్టుకున్నట్టు, రెండు వేళ్లతో ఎత్తాడు. "ఇదేటిది? ఇక్కడ జబ్బు పేరు రాయాలి."

"అది జబ్బు కాదు బాబూ. అందుకే కొట్టీసినాను."

వ్యవహారం ప్రిన్సిపాలు గారి గది దాకా వెళ్లింది. తోడుకి నన్ను రమ్మన్నాడు. ప్రిన్సిపాలు సన్నగా, పొడుగ్గా, చెడ్డవాడు కాలేని ముఖంతో ఉండేవాడు. ఆకుపచ్చ సిరాతో సంతకాలు పెట్టేవాడు.

"నువ్వు మంచివాడివేనయ్యా. కాని నాకు రెండే దారులున్నాయి. సర్టిఫికెట్టు తెచ్చుకో, పంపిస్తాను. అది ఇష్టం లేదూ, విత్‌డ్రా అయిపో. సొంత కారణాల వల్ల ఈ ఏడాది చదువు విరమించుకుంటున్నాను అని నాలుగు ముక్కలు రాసి ఇయ్యి. ఆపేశారన్న మచ్చ నీకుండదు. పాసైన పేపర్లు అలాగే ఉంటాయి. వచ్చే ఏడు దర్జాగా మళ్లీ చేరు."

నిజానికి మంచి మాటే. నేను పక్కనుంచి మోచేత్తో పొడిచాను కూడా.

"నాను ఇరమించుకోలేదు గదా బాబూ," అన్నాడు ఆయన. "నాను పట్టుకునే ఉన్నాను. మీరు లాగీసుకుంతన్నారు. లాగీసినోడు రాయాల ఆ ఉత్తరం. నానెందుకు రాత్తాను?"

ఆయన రాయలేదు. వారం తిరక్కుండా నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఈ ఏడాది పరీక్షకి అర్హత లేనివారు అని పైన ఉంది, కింద ఒకే పేరు. ఆ కాగితం ముందు నిలబడి తన పేరు తనే పైకి చదువుకుని, "కారణం రాయలేదేటి?" అన్నాడు.

టీ కొట్టు దగ్గర ఆయనకి బుద్ధి చెప్పడానికి నేను చేసిన ప్రయత్నం గీతోపదేశం కంటే పొడుగైనది. మూడు టీలు పట్టింది. "కామెర్లన్నవి ఉత్తుత్తి కాగితం బావగారూ. మీరు వాటిని ఒంటికి రాసుకోనక్కర్లేదు. దీనివల్ల ఎవడికి నష్టం?"

"నాను కోకోవెన్ ఎక్కిన కాడ్నించి ఒక్కనాడు జొరం రాలేదు బావ. రానిదాన్ని వచ్చిందని రాత్తే, అది ఇని నిజంగా వచ్చీగలదు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"క్లాసుకి రాని నాడు నాను ఏటి సేసినాను? పని సేసినాను. తొంగున్నానని రాత్తే ఒప్పుకుంతారట. పని సేసినానని రాత్తే ఒప్పుకోరట. పని సేసినోడు పని సేసినానని రాసుకోడానికి సిగ్గుపడాలేటి? అలగైతే ఇదేటి సదువు బావ?"

టీ డబ్బులు నేనే ఇచ్చాను. ఓడినవాడే కదా ఇవ్వాలి.

నేను ఫైనలియరుకి వెళ్లాను. ఆయన పొయ్యి మీదికీ, మళ్లీ సెకండియరుకీ వెళ్లాడు. కొత్త పిల్లలతో అదే గోడ, అదే మచ్చ. జూన్లోనే నాకొక పాకెట్ నోటు పుస్తకం ఇచ్చాడు.

"బావ, నా గది మీ గది పక్కనే గదా. నాను బి షిఫ్టులో ఉన్న వారం, ఏ సారు వచ్చేరో ఏ సారు రాలేదో కిటికీలోంచి సూసి ఇందులో రాయి. మిగతా వారాలు నాను రాసుకుంతాను. పాఠం అక్కర్లేదు. రాక ఒక్కటే."

ఇందులో ఏముంది అని ఒప్పుకున్నాను. మొదటి బి వారం కాలేజీకి వెళ్లకుండానే, ఇంట్లో మంచం మీద బోర్లా పడుకుని ఏడు రోజులకీ వచ్చారు, వచ్చారు, వచ్చారు అని నింపేశాను. పుస్తకం చూసి ఆయన అడిగాడు: "ఆదోరం గూడా వచ్చేరేటి?"

ఆ తరవాత నాకు దొంగతనం చేసే ధైర్యం లేకపోయింది. బి వారం వచ్చిందంటే వర్షమైనా గొడుగు వేసుకుని వెళ్లి కిటికీ దగ్గర కాపలా. వెళ్లాక ఎలాగూ వెళ్లాను కదా అని నా క్లాసులో కూడా కూచునేవాణ్ణి. మిగతా వారాలు వెళ్లకపోతే, "నిన్న మీ సారు ఏటి సెప్పేరు?" అని ఆయన అడిగేవాడు. ఆ ప్రశ్న భయానికి అప్పుడు కూడా వెళ్లేవాణ్ణి. బీచిలో బజ్జీలమ్మే మనిషి నాకేదో అయిపోయిందని కబురు చేసింది.

మళ్లీ ఫిబ్రవరి. కాళ్లు వాటంతటవే మల్కాపురం నడిచాయి.

"మామూలేనా?" అన్నాడు డాక్టరు.

"మామూలే."

నవంబరు నెలలో మూడు వారాలపాటు కామెర్లతో కదలలేని స్థితిలో ఉన్నానని రాసిచ్చాడు. ఫారానికి గుచ్చి గుమాస్తాకి ఇచ్చేశాను. నా హాజరు ఎంతో చూసుకోవాలని నాకు తోచలేదు. ఉగాదికి పచ్చడి ఎలాగో ఫిబ్రవరికి కామెర్లు అలాగని నా నమ్మకం.

ఈసారి కూడా ఆయన ఫారంలో 'అనారోగ్యం' కొట్టేసి ఉంది. ఈసారి కూడా ప్రిన్సిపాలు గారి గది. ఈసారి కూడా నేను తోడు. బల్ల మీద సంతకాల కోసం ఎదురుచూస్తున్న కట్టలో నా పచ్చకాగితం అంచు కనిపిస్తోంది.

"మళ్లీ బి షిఫ్టేనా?" అన్నాడు ప్రిన్సిపాలు నీరసంగా.

"మల్లీ అదే బాబూ. మూడు వారాలకోసారి వత్తాది."

"నేనేం చేయనయ్యా? డెబ్బై అయిదు అన్నది నేను రాసింది కాదు."

ఆయన జేబులోంచి నోటు పుస్తకం తీసి, తుడిచి, బల్ల మీద పెట్టాడు. "ఇది మా హాజరు కాదు బాబూ. సార్లది."

ప్రిన్సిపాలు తెరిచాడు.

"కాస్టు అకౌంట్సు సారు వందకి యాభై రెండు రోజులు వచ్చేరు. నాను అరవై ఆరు వచ్చినాను. ఆరి కంటే నానే ఎక్కువ. ఆ సారు రాని రోజుల్లో క్లాసు అయినట్టు మీ పుస్తకంలో ఉంది. తప్పు పట్టడానికి రాలేదు నాను. ఆరికి ఏటి వచ్చింది, కామెర్లేటి? ఆరి సర్టిఫికెట్టు సూపించండి. ఎలగ రాయించుకున్నారో సూసి నాను గూడా తెచ్చుకుంతాను."

గదిలో ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోలేదు, సిగ్గుతో ఆగిందని నా అభిప్రాయం. ప్రిన్సిపాలు చాలాసేపు పుటలు తిప్పాడు. తిప్పి తిప్పి ఒకచోట వేలు పెట్టాడు.

"ఇందులో రెండు చేతిరాతలున్నాయి. ఈ సన్నరాత ఎవరిది?"

ఆయన నా వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుని కిటికీ బయట కొబ్బరిచెట్టుని చూశాడు. "అది రాసినోడు సెప్పాల బాబూ. నాను సెప్తే సాడీ అవుద్ది."

నా ముందు రెండు కాగితాలున్నాయి. నవంబరు నెలలో నేను మంచం మీంచి లేవలేదని డాక్టరు కాగితం. అదే నవంబరులో, అవే తేదీలకి, "వర్షం. ఇద్దరు సార్లు రాలేదు. కిటికీలోంచి చూశాను" అని నా సన్నరాత. రెంటిలో ఒకటే నిలుస్తుంది. రాత నాదంటే దొంగ సర్టిఫికెట్టు పెట్టినందుకు నా పరీక్ష పోతుంది. నాది కాదంటే నోటు పుస్తకం దొంగదవుతుంది, ఆయన ఇంకో ఏడాది పొయ్యి ఎక్కుతాడు.

ఈ సంఘటన నేను ఇప్పటికి చాలామందికి చెప్పాను. కొన్ని కథనాల్లో బల్ల మీద గుద్దాను. ఒక పెళ్లిలో చెప్పినప్పుడు చొక్కా చేతులు పైకి మడిచాను కూడా. జరిగింది మాత్రం ఇది: "నాదే సార్" అన్నాను, ఎలకపిల్ల గొంతుతో. వెంటనే వెక్కిళ్లు వచ్చాయి.

ప్రిన్సిపాలు కట్టలోంచి నా ఫారం లాగాడు. "నవంబరులో నువ్వు మంచం మీదున్నావుగా?"

"లేదు సార్. కిటికీ దగ్గరున్నాను."

"మరి ఈ కామెర్లు?"

"రాలేదు సార్."

గుమాస్తాని కేకేసి ఫైనలియరు పట్టీ తెప్పించాడు. గుమాస్తా వేలితో గీసుకుంటూ వెళ్లి ఆగాడు. "ఈయనకి డెబ్బై ఎనిమిది ఉందండి. అసలు కండొనేషనే అక్కర్లేదు."

ప్రిన్సిపాలు పట్టీ పక్కన నా ఫారం పెట్టి రెండూ చూశాడు.

"అక్కర్లేనప్పుడు ఎందుకు పెట్టావయ్యా?" అన్నాడు ప్రిన్సిపాలు.

"అలవాటు సార్."

పక్కన ఏదో ఊగుతున్నట్టనిపించి చూశాను. బి షిఫ్టు నవ్వుతున్నాడు. శబ్దం లేదు, భుజాలు మాత్రం కోకోవెన్ తలుపుల్లా ఎగిరెగిరి పడుతున్నాయి. ఆయన నవ్వగా చూడ్డం అదే మొదలు.

ప్రిన్సిపాలు నా కామెర్లు నాకు తిరిగి ఇచ్చేశాడు. బావగారి ఫారాన్ని దగ్గరికి లాక్కుని, ఆకుపచ్చ పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశాడు. బి షిఫ్టు అన్న మాట పక్కన రాశాడు: కారణం నిజమే. సిఫారసు చేస్తున్నాను.

"యూనివర్సిటీ ఒప్పుకుంటుందని మాత్రం నేను చెప్పలేను," అన్నాడు.

"ఒప్పుకోపోతే మల్లీ రాత్తాను బాబూ. బి షిఫ్టు ఎక్కడికి పోద్ది?"

యూనివర్సిటీ వారు షిఫ్టు చార్టు జతచేయమని ఫారం తిప్పి పంపారు. ఫోర్‌మన్ సంతకంతో చార్టు వెళ్లింది. పరీక్షలకి వారం ఉందనగా అనుమతి ముద్రతో ఫారం తిరిగొచ్చింది. ఆయన సి షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చి పరీక్ష రాశాడు. మరుసటి ఏడు ఫైనలియరుకి కూడా అదే ఫారం, అదే మాట. థర్డు క్లాసులో పాసయ్యాడు. కాస్టు అకౌంట్సుకి ముప్పై ఆరు వచ్చాయి, పాసు మార్కు కంటే ఒకటి ఎక్కువ. ఆ ఒకటి ఆయనకి నచ్చలేదు. ఎందుకు ఎక్కువ వేశారో కనుక్కుంటానని బయల్దేరబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

ఆ తరవాత షిఫ్టు కుర్రాళ్లందరూ చార్టులే జతచేశారు. మల్కాపురం డాక్టరు గారికి గిరాకీ తగ్గి, వచ్చినవాళ్లని "ఏమిటి బాధ" అని అడగాల్సిన గతి పట్టింది. కాస్టు అకౌంట్సు లెక్చరరు క్లాసుకి అయిదు నిమిషాలు ముందే వచ్చి కిటికీ వైపు చూసి నమస్కారం పెట్టేవాడట.

స్టోర్సులో పగటి ఉద్యోగం వచ్చాక కూడా మధ్యాన్నం రెండయితే ఆయన కాళ్లు బొగ్గు మోసే కన్వేయరు బెల్టు మీద పెట్టినట్టు గేటు వైపు నడిచేవి. రెండువేల సంవత్సరం దాటాక అప్పుడప్పుడూ కూర్మన్నపాలెం జంక్షన్లో టీ కొట్టు దగ్గర కలిసేవాళ్లం. అప్పటికి ఆయన కూతురు ఇంజనీరింగులో ఉంది. మార్కులు పోయి గ్రేడులు, పేపర్లు పోయి క్రెడిట్లు వచ్చాయి.

"వారానికి గంట సదివితే ఒక క్రెడిట్టట బావ. ఆ లెక్కని కోకోవెన్ మీద నాకెన్ని వత్తాయో ఎయ్యి."

సిగరెట్టు పెట్టె మీద వేశాను. "రోజుకి ఎనిమిది, వారానికి ఆరు రోజులు. సెమిస్టరుకి నలభై ఎనిమిది బావగారూ. వాళ్లు పాతికకి మించి ఇవ్వరు."

"మిగతావి ఆల దగ్గరే ఉంచీమను."

ఆ పిల్లకి ఒక సబ్జెక్టు కొరుకుడు పడలేదు. గడువు లోపల ఆ కోర్సు నుంచి విత్‌డ్రా అయితే కార్డు మీద ఎఫ్ బదులు డబ్ల్యూ పడుతుంది, పరువు దక్కుతుందని ఎవరో సలహా ఇచ్చారట. తండ్రిని అడిగింది.

"మానీసినావేటమ్మా అన్నాను. లేదు నాన్నా, సదువుతన్నాను, రావట్లేదు అంది. రాకపోతే రాలేదని రాయించుకో, మల్లీ రాయి అన్నాను."

"అది అబద్ధం కాదు కదా బావగారూ. నిబంధనే."

"మంచి నిబంధనే బావ. మానీసినోడికి."

ఎఫ్ పడింది. మరుసటి సెమిస్టరులో సి వచ్చింది. ఆ పిల్ల ఆ రెండు కార్డులూ ఒకే కవరులో పెట్టి ఉద్యోగాల ఇంటర్వ్యూలకి వెళ్లిందని, ఎవరైనా ఎఫ్ మీద వేలు పెడితే "అప్పుడు రాలేదండి" అనేదని విన్నాను. గొంతు ఎవరిదో వేరే చెప్పాలా.

రిటైరు కావడానికి ఏడాది ఉందనగా ఒక సాయంత్రం డ్యూటీ దిగి, అదే జంక్షన్లో కూరలు బేరమాడుతూ, ఆయన పోయాడు. జబ్బుతో సెలవు పెట్టిన రోజు ఆయన సర్వీసు పుస్తకంలో ఒక్కటీ లేదు. జబ్బుకి కూడా అర్జీ పెట్టుకునే వ్యవధి ఇవ్వలేదు. ఇంటికి వెళ్లాను. ముందు గదిలో, అందరిళ్లలో నల్లగౌను ఫొటో వేలాడే చోట, అద్దం కట్టిన పాత ఫారం ఒకటి వేలాడుతోంది. అచ్చు మాట మీద కొట్టివేత, పైన బడిపిల్లాడి రాత, పక్కన వెలిసిన ఆకుపచ్చ సిరా.

"డిగ్రీ కాయితం బీరువాలో ఉంది బాబూ," అంది ఆయన భార్య. "గోడకి ఇదే ఉండాలన్నాడు."

"సార్, మీ ఫారం."

తలెత్తితే బల్ల దగ్గర అమ్మాయి చెయ్యి చాచి ఉంది. కింది గడి ఖాళీగానే ఉంది.

"ఏదో ఒకటి రాసెయ్యండి సార్. జ్వరమనో, ఊళ్లో లేననో. అందరూ అదే రాస్తారు."

రాశాను. ఆ అమ్మాయి చదివి, కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చదివింది.

"బద్ధకం అని రాశారేంటి సార్?"

"అదేనమ్మా కారణం."

"ఇలా రాస్తే పైవాళ్లు తీసుకోరు."

"తీసుకోకపోతే మళ్లీ వచ్చి మళ్లీ రాస్తాను. ఇంకోటి, పైన ఆ కామెర్లు కొట్టెయ్."

"మూడూనా?"

"మూడూ."

ఆ పిల్ల తలుపు వైపు ఒకసారి చూసి, ఒక్కొక్కటే కొట్టేసింది. వరసలో నా వెనకున్న మా సెక్షన్ సూపర్నెంటు గారు మెడ చాచి నా ఫారం చదివారు. చదివి, తన ఫారంలో అప్పటికే జ్వరం అని రాసేసి ఉన్న చోటు మీదికి బొటనవేలు జరుపుకున్నారు. కాసేపటికి ఆ వేలు తీసి, నా దగ్గర పెన్ను అడిగి తీసుకున్నారు.